చాపలో 'చ' కోసం తెనాలి దాకా

లిమరిక్‌లో మనవాళ్ళు నలుగురు చేరిన చోటల్లా ఈ మధ్య నన్ను పలకరించే తీరు మారింది. బాగున్నావా అని అడగడం మానేసి, "ఏదీ, ఒకసారి నవ్వు" అంటున్నారు. నవ్వుతున్నాను. ఆ వెనకే రెండు ప్రశ్నలు వస్తాయి. ఎంతైంది? భయం వేయలేదా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక, పళ్ళు కట్టించుకోవడానికి ఐర్లండ్ నుంచి తెనాలి దాకా వెళ్ళి వచ్చిన కథంతా ఇక్కడ రాసేస్తున్నాను. చదివాక మీరూ విమానం టిక్కెట్టు కొంటారో, వీధి చివర డాక్టరు దగ్గరికే వెళతారో మీ ఇష్టం. నేను మాత్రం కొంత గొప్పలు చెప్పుకోవడానికే రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నాను.

ఉండ్రాళ్ళు దక్కాయి

వినాయక చవితి రోజు, మనవాళ్ళు పూజకు అద్దెకు తీసుకున్న హాలు మెట్లు వానకు తడిసి ఉంటే, వాటి మీద జారాను. చేతిలో ఉండ్రాళ్ళ గిన్నె ఉంది. గిన్నె వదిలేసి చెయ్యి ఆనించుకుంటే సరిపోయేది. కానీ ధర్మవరం ఆడపిల్లను, నైవేద్యం నేలపాలు కానిస్తానా? ఉండ్రాళ్ళు ఒక్కటి కూడా పోలేదు. పై వరుసలో ముందు పళ్ళు రెండు పోయాయి, వాటికి అటూ ఇటూ ఉన్న పళ్ళ అంచులు విరిగాయి.

ఇక్కడి డాక్టరు మంచివాడే. గాయం మానేదాకా పెట్టుకోమని, తీసి పెట్టుకునే పళ్ళ పలక ఒకటి ఇచ్చాడు. అది అంగిట్లో అతుక్కుని కూర్చుంటుంది. అద్దం ముందు నిలబెట్టి ఇంగ్లీషులో అరవై నుంచి డెబ్భై దాకా లెక్కపెట్టించాడు. ఆ అంకెల్లో ఈల వినపడకపోతే పళ్ళు కుదిరినట్టేనట. నాకు ఈల రాలేదు. ఆయన సంతోషించాడు, నేనూ సంతోషించాను.

నేను హాస్పిటల్లో రికార్డులు చూసే ఉద్యోగం చేస్తాను. అది జీతానికి. తొమ్మిదేళ్ళుగా శనివారం పొద్దున పది గంటలకు పద్నాలుగు మంది పిల్లలకు తెలుగు చెబుతాను. అది నా కోసం. తెలుగులో 'చ' ఒకటి కాదు, రెండు. చెట్టులో చ పలికితే నాలుక అంగిట్లోకి పోతుంది. చాపలో చ పలకాలంటే నాలుక కొస ముందు పళ్ళ వెనక తగలాలి. రాసేది ఒకే అక్షరం, పలికేది రెండు రకాలు. 'జ' కూడా అంతే. జపంలో ఒకటి, జడలో ఇంకొకటి. మనకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, వింటూ పెరిగాం కాబట్టి వచ్చేసింది. ఇక్కడ పుట్టిన పిల్లలు వినేది ఇంట్లో కొంత, నా దగ్గర కొంత.

పలక పెట్టుకున్న మూడో వారం, మా క్లాసులో ఏడేళ్ళ ఆద్య గుంటూరులో ఉన్న అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడుతూ చాపను "చ్యాప" అందట. "చ్యాప ఏంటే? ఎవరు నేర్పారే నీకు?" అని అమ్మమ్మ అడిగితే, "మా పద్మ టీచర్ అలాగే అంటుంది" అందట. వాళ్ళమ్మ నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. మరుసటి శనివారం ఒక్కొక్కరినీ లేపి చాప అనమన్నాను. పద్నాలుగు మందిలో పదకొండు మంది చ్యాప అన్నారు. నా నోట్లో అడ్డం పడ్డ పలకను పదకొండు నోళ్ళలో పెట్టేశాను. అందులో ఘోరమేమిటంటే, నేను తప్పు పలుకుతున్నానని నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజే చెప్పేశాను, పళ్ళు కుదిరేదాకా క్లాసులో నోరు తెరవనని. నాతో పాటు క్లాసు చూసే నర్సు విమల, పిల్లలతో అక్షరాలు దిద్దిస్తూ నెట్టుకొచ్చింది. తల్లిదండ్రులు మర్యాదగా ఊరుకున్నారు గానీ, సరిగ్గా శనివారం పదింటికే కొత్తగా ఈత క్లాసు మొదలైంది. డిసెంబరులో దానికి పేర్లు రాయించుకుంటారు. ఒకసారి పిల్లలు నీళ్ళలో దిగితే మళ్ళీ నా బల్ల ముందుకు రారని నాకు తెలుసు.

టర్కీనా, తెనాలా?

ఇక్కడ ఇంప్లాంట్లకు, అంటే దవడ ఎముకలో మర బిగించి కట్టే పళ్ళకు, రెండింటికీ కలిపి ఐదు వేల యూరోలకు పైమాటే చెప్పారు. పైగా అయ్యేసరికి ఎనిమిది నెలలు. నాతో పనిచేసే మోరీన్ టర్కీ వెళ్ళి నోరంతా బాగు చేయించుకుని, ఎండలో తిరిగి వచ్చింది. ఆమెకు బాగానే ఉంది. ఆమె మాట విని వెళ్ళిన ఇంకొకావిడకు నాలుగు నెలలకే చిగుళ్ళు వాచాయి. ఇక్కడి డాక్టర్లు ఇంకొకరి పనిలో మేము వేలు పెట్టం అన్నారు. పాపం మళ్ళీ విమానం ఎక్కింది.

నా భయం కూడా అదే. చౌకగా కట్టించుకుని వచ్చాక ఏదైనా అయితే ఎవరి గుమ్మం తొక్కాలి? మా డాక్టరునే సూటిగా అడిగాను. ఆయన, ఎక్స్‌రేలు, వాడిన వస్తువుల వివరాలు కాగితం మీద తెస్తే చూస్తాను, లేకపోతే చూడలేను అన్నాడు. బయలుదేరే ముందు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

విమలది తెనాలి పక్కన నందివెలుగు. "మా అక్క ఉంది, మా డాక్టరమ్మ ఉంది. టర్కీవాళ్ళకి నీ చాప గురించి ఏం తెలుసు?" అంది. ఆ మాటతో నా టిక్కెట్టు ఖాయమైంది. ఆఫీసులో నాలుగు వారాల సెలవు ఇచ్చారు.

తెనాలి: పళ్ళ కోసం

అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన నేను అంతకుముందు తెనాలిని రైలు కిటికీలోంచి తప్ప చూడలేదు. ఆంధ్రా ప్యారిస్ అంటారని విని, మావైపు వాళ్ళం నవ్వుకునేవాళ్ళం. స్టేషను బయట ఆటో ఎక్కాను. ఆ పలక ఎప్పుడో తీసి పడేశాను కాబట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఆటో ఆయన.

"పళ్ళ కోసం వచ్చినా అన్నా. మంచి చోటికి తీసకపో" అన్నాను. డాక్టరమ్మ చిరునామా ఉన్న కాగితం సంచి అడుగున ఎక్కడో ఉంది. ఊళ్ళో పేరున్న డాక్టరు కదా, అంత మాత్రం తెలియదా అని నా ధీమా.

ఆయన చాలా శ్రద్ధగా రెండు కాలువలు దాటించి తీసుకెళ్ళాడు. దిగి చూస్తే చుట్టూ అరటి గెలలు, సీతాఫలాల గంపలు. "ఇంతకన్నా మంచి పళ్ళు తెనాల్లో ఎక్కడా దొరకవమ్మా" అన్నాడు గర్వంగా. నేను చెయ్యి తీసి నోరు చూపించాను. ఒక్క క్షణం చూసి, తల కొట్టుకుని, అక్కడున్న గంపల వాళ్ళందరికీ వినపడేట్టు నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. ఒకావిడ జాలిపడి, "ముందు పళ్ళు లేకపోయినా సీతాఫలం తినొచ్చులేమ్మా, మెత్తగా ఉంటది" అని నాలుగు ఏరి ఇచ్చింది. పళ్ళ కోసం వచ్చి పళ్ళు కొనుక్కునే వెళ్ళాను. ఆటో అరవై రూపాయలు, సీతాఫలాలు ఎనభై.

విమల అక్క పేరు సామ్రాజ్యం. అరవై దాటినా ఐదెకరాల వరి ఆవిడే చేయిస్తుంది. పేరుకు తగ్గట్టే ఇంట్లో, పొలంలో, ఎరువుల కొట్లో ఆవిడ మాటే చెల్లుతుంది. నా నోరు తెరిపించి చూసి, "ఏంటమ్మాయ్, ఇంత దూరం ఈ రెండు పళ్ళకేనా?" అంది. కార్తీకమాసం కాబట్టి ఇంట్లో నీచు లేదు. నాకు అదే నయమైంది. కందబచ్చలి కూర, ముద్దపప్పు, గడ్డ పెరుగు. కొరికే పనే లేదు. మావైపు పప్పు చారులా జారుగా ఉంటుంది. ఇక్కడ గరిటె నిలబడుతుంది. ఈ ఒక్క విషయంలో డెల్టావాళ్ళదే గెలుపని రాసి ఇస్తాను.

డాక్టరమ్మ

పేరు రాయవద్దని ఆవిడే అన్నారు. వయసు నలభై ఐదు ఉంటుంది. ఎక్స్‌రే తీసి, దీపం ముందు పెట్టి, పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఐర్లండులో డాక్టరు అలా పది నిమిషాలు మౌనంగా ఉంటే మనం కంగారు పడతాం. ఇక్కడ ఆ లోటు సామ్రాజ్యక్క తీర్చింది. నా ఉద్యోగం, జీతం, క్లాసు పిల్లలు, ఉండ్రాళ్ళు, మూడు వారాల చ్యాప, అన్నీ వెయిటింగ్ హాల్లో ఉన్నవాళ్ళకు చెప్పేసింది.

"మర బిగిస్తే ఎముక పట్టుకోవడానికి నెలలు పడుతుందండి" అన్నారు డాక్టరమ్మ. "మూడు వారాల్లో అన్నీ అయిపోతాయని చెప్పి విమానం ఎక్కించేవాళ్ళున్నారు. నేను ఎక్కించనండి."

"మరి నాకు దారి?"

"మీకు పక్క పళ్ళు రెండూ ఎలాగూ విరిగినయ్యి. వాటికి తొడుగులు వెయ్యక తప్పదు. వాటి ఆసరాతో నాలుగూ కలిపి బ్రిడ్జి కట్టొచ్చు. కాకపోతే ఆ రెండిటినీ అరగదియ్యాలి. ఒకసారి అరగదీస్తే మళ్ళీ మొలవవండి. రెండు రోజులు ఆలోచించుకుని రండి."

డబ్బు ఇస్తానన్నా, ఇప్పుడు కాదు, ఎల్లుండి రమ్మనే డాక్టరును చూడటం నాకు అదే మొదలు. మంచిదనుకోవాలో, పొగరనుకోవాలో తెలియలేదు.

బాపట్ల: సముద్రస్నానంతో సహా

"ఇంకోచోట కూడా అడుగు. పశువును కొన్నా నలుగురికి చూపించి కొంటాం" అని సామ్రాజ్యక్క నన్ను బాపట్ల బండి ఎక్కించి, తనూ ఎక్కింది. అక్కడ విదేశాల నుంచి వచ్చేవాళ్ళకు పళ్ళు కట్టే కొత్త క్లినిక్కు ఉందని ఆవిడ తోడికోడలు చెప్పిందట.

లోపల అంతా చల్లగా, తెల్లగా ఉంది. టై కట్టుకున్న అబ్బాయి కొబ్బరిబోండాం ఇచ్చి, రంగుల కాగితం నా ముందు పరిచాడు. ఐదు రోజుల్లో మర, పన్ను రెండూ అయిపోతాయి. ఏసీ గది, స్టేషను నుంచి కారు, సూర్యలంకలో కార్తీక సముద్రస్నానం కూడా అందులోనే. నిజం చెప్పాలంటే నాకు నోరూరింది. ఐదు రోజుల్లో అయిపోతే మిగిలిన మూడు వారాలు ధర్మవరంలో తమ్ముడి ఇంట్లో గడపొచ్చు.

"అక్కడికి వెళ్ళినాక ఊడితే?" అన్నాను.

"ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి మేడమ్. ఇరవై నాలుగ్గంటల్లో రిప్లై ఇస్తాం."

సామ్రాజ్యక్క బోండాంలో స్ట్రా తీసి పక్కన పెట్టింది. "ఫొటోలో ఊడిన పన్ను కనపడుద్ది బాబూ. మీరు ఇక్కణ్ణించి దాన్ని ఎట్టా అంటిస్తారు?" అంది. ఆ అబ్బాయి నవ్వేసి కాగితం రెండోవైపు తిప్పాడు. అటు వైపు అన్నీ సముద్రం బొమ్మలే ఉన్నాయి.

ఎలాగూ వచ్చాం కదా అని సూర్యలంక వెళ్ళాం. ఇసుకలో అరటి డొప్పల మీద దీపాలు, తడి చీరలు, మిరపకాయ బజ్జీల పొగ. ముంతలో తెచ్చుకున్న పెరుగన్నం తింటూ, ఆ అరగదీయబోయే రెండు పళ్ళను నాలుకతో తడుముకుంటూ కూర్చున్నాను. అవి విరిగినవే అయినా నావి. "అవి మళ్ళీ మొలవవు" అని నిజం చెప్పిన మనిషి ఒక్కరే కనబడ్డారు నాకు ఇంతవరకు. ఆవిడ చేతికే నోరు అప్పగించాలని అక్కడే అనుకున్నాను.

మళ్ళీ తెనాలి: జిలేబి దెబ్బ

పళ్ళు అరగదీసి, కొలతలు తీసుకుని, అసలువి తయారయ్యేదాకా ఆ రెండింటికీ తాత్కాలికంగా ప్లాస్టిక్ తొడుగులు వేశారు. మధ్యలో ఖాళీ అలాగే ఉంది. అంటుకునేవి, సాగేవి తినొద్దని మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ తలూపాను. రెండో రోజు సాయంత్రం తెనాలి బజారులో బెల్లం జిలేబి వాసన తగిలింది. నల్లగా, పాకం కారుతూ, వేడివేడిగా అప్పుడే తీసింది. ఒక్క ముక్కే కదా అనుకున్నాను. జిలేబి నోట్లోకి వెళ్ళింది, తొడుగులు జిలేబితో పాటు బయటకు వచ్చాయి.

కాగితంలో చుట్టి తీసుకెళితే డాక్టరమ్మ కోప్పడలేదు. "తెనాలివాళ్ళైనా, పైవాళ్ళైనా అందరికీ ఈ జిలేబి దగ్గరే ఊడతయ్యండి" అని, పాకం కడిగి మళ్ళీ అతికించారు.

లెక్కలు అడిగేవాళ్ళ కోసం ఇక్కడే చెప్పేస్తాను. నాలుగు పళ్ళ బ్రిడ్జికి ముప్పై రెండు వేల రూపాయలు. విమానానికి ఎనిమిది వందల యూరోలు. జీతం లేని సెలవు రెండు వారాలు. అన్నీ కలిపినా ఇక్కడ ఖర్చులో సగం కాలేదు. కానీ ఒక్క పన్ను కోసమైతే ఇంత దూరం వెళ్ళొద్దు, గిట్టదు. నాలుగు వారాల కన్నా తక్కువ సెలవుంటే అసలు వెళ్ళొద్దు. ఎందుకంటే కట్టాక వారం రోజులు అక్కడే ఉండి నమిలి చూసుకోవాలి. పనిముట్లు ఎలా శుభ్రం చేస్తారో చూపించమని మొహమాటం లేకుండా అడగండి. నేను అడిగితే డాక్టరమ్మ లోపలికి తీసుకెళ్ళి, యంత్రం మూత తీసి చూపించారు. అడిగినందుకు ముఖం మాడ్చుకునే చోట నోరు తెరవకండి. కాగితాలన్నీ తెచ్చుకోండి. చౌక కదా అని ఎవరో పెట్టే తొందరకు లొంగకండి.

రేపల్లె బండి

డాక్టరమ్మ శనివారాలు రేపల్లెలో కూర్చుంటారు. ఆవిడకు పళ్ళు తయారుచేసి ఇచ్చే మేస్త్రి అక్కడే ఉంటాడు. మెరుగు పెట్టకముందు ఒకసారి పెట్టి చూడాలి, మీరే అక్కడికి రండి అన్నారు. సామ్రాజ్యక్కతో కలిసి బండెక్కాను. టిక్కెట్టు టీ డబ్బుల కన్నా కాస్త ఎక్కువ. కిటికీకి రెండువైపులా పండిన వరి, కోత కోసం ఎదురుచూస్తోంది.

ఎదురుగా ఖాళీ గంపతో ఒక మామ్మ కూర్చుంది. అడవులదీవి నుంచి చేపలు తెచ్చి ఊళ్ళ వెంట అమ్ముతుందట. "ఏంటమ్మా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావ్? పళ్ళూడినయ్యా?" అంది. లిమరిక్‌లో ఒకే బస్సులో పన్నెండేళ్ళు తిరిగాను, డ్రైవరు పేరు నాకు తెలియదు, నా పేరు అతనికి తెలియదు. ఇక్కడ రెండో నిమిషానికి పెట్టెలో సగం మంది నా నోట్లోకి చూశారు. నాకు కోపం రాలేదు. మామ్మ కూడా తన నోరు తెరిచి చూపించింది.

"ఇయ్యి మూడూ కట్టినయ్యే. రత్నం మేస్త్రి చేశాడు. ముందు ఇంకెవరో కడితే 'చేపలూ' అని కేకేస్తే గాలే వచ్చేదమ్మా. కేక లేకపోతే బేరమేదీ? ఈ నెల కేకున్నా బేరం లేదనుకో. కార్తీకమాసం, అందరికీ భక్తే."

నేను వెళుతున్నదీ ఆ రత్నం మేస్త్రి దగ్గరికే. చేపలో చ నాకెప్పుడూ పోలేదు, చాపలోదే పోయింది అని ఆవిడకు చెబుదామనుకున్నాను. అంతలో ఆవిడ దిగే ఊరు వచ్చింది.

రేపల్లె: చలి, చాప

రత్నం మేస్త్రికి డెబ్భై ఉంటాయి. డాక్టరమ్మ క్లినిక్కు పక్క గదే ఆయన పనిచోటు. చిన్న కొలిమి, అరగదీసే చక్రం, గోడ మీద రాజు వేషంలో ఆయనవే పాత ఫొటోలు. నలభై ఏళ్ళు పద్యనాటకాలు ఆడాడు. ఈ చుట్టుపక్కల నాటకాలవాళ్ళందరికీ పళ్ళు ఆయనే చేస్తాడట. "స్టేజీ మీద పన్ను ఈలేస్తే, కింద జనం ఈలేస్తారమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ పళ్ళు పెట్టి అద్దం ఇచ్చారు. నాకు నేనే ముద్దొచ్చాను. పొడుగ్గా, వరుసగా, ఫొటోలో పెట్టుకోవలసిన పళ్ళు. మేస్త్రి మాత్రం నా వైపు చూడలేదు. వీపు నా వైపు తిప్పి, గోడకేసి కూర్చున్నాడు. "నేను చూడనమ్మా, వింటా. 'చంద్రయ్య చలికి చాప చుట్టుకున్నాడు' అనండి."

అన్నాను.

"చంద్రయ్య బాగానే ఉన్నాడు. చలి, చాప రెండూ పోయినయ్యి."

పళ్ళు తీయించి, వెనకవైపు చక్రం మీద పెట్టాడు. మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ అన్నాను.

"చలి వచ్చింది. చాప రాలా. పొడుగు కూడా తగ్గాల."

"పొడుగుంటేనే కదన్నా అందంగా ఉండేది" అన్నాను, ఆశ చావక.

"ఫొటో కావాలంటే ఇప్పుడే మెరుగు పెట్టిస్తానమ్మా, బ్రహ్మాండంగా ఉంటది. మాట కావాలంటే తగ్గించాల. మీ నోరు, మీ ఇష్టం."

తగ్గించమన్నాను. యాభై రెండేళ్ళ వయసులో అందమైన పళ్ళను నా చేతులారా అరగదీయించుకోవడం తేలికేమీ కాదు. మూడోసారి అన్నాక నాకు బాగుందనిపించింది. డాక్టరమ్మ కూడా బాగుందన్నారు. మేస్త్రి కుర్చీ ఇటు తిప్పాడు.

"మూడు వారాలు తప్పు పలికారంట గదా. ఒక్కసారన్నా మీకు వినపడిందా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"మరి ఇప్పుడు మీ చెవిని ఎట్టా నమ్మమంటారు? మా గురువుగారు పద్యం నేర్పేటప్పుడు ఆయన నోరు చూసుకునేవాడు కాదు, మా నోరు చూసేవాడు. మా నోట్లో సరిగ్గా పడితేనే ఆయన సరిగ్గా చెప్పినట్టు. మీ దగ్గర నేర్చుకునే పిల్లలేరి?"

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. లిమరిక్‌లో పొద్దున పది. శనివారం. వీడియో కాల్ చేస్తే విమల క్లాసులోనే ఉంది. తెర మీద పద్నాలుగు తలలు గుమికూడాయి. రెండు నెలలుగా వాళ్ళ ముందు నోరు విప్పని నేను, రేపల్లె నుంచి, మెరుగు లేని పళ్ళతో చంద్రయ్య గురించి చెప్పాను. ఒక్కొక్కరే అన్నారు. మేస్త్రి కళ్ళు మూసుకుని వేళ్ళ గణుపులు లెక్కపెడుతున్నాడు. ఐదుగురు ఇంకా చ్యాప దగ్గరే ఉన్నారు.

"ఇంకొక్క గీత గియ్యాల" అన్నాడు.

డాక్టరమ్మ పక్కకు పిలిచారు. "ఇంకా గీస్తే పలచనైపోద్దండి. పగిలితే మొదటినుంచీ చెయ్యాలి, పది రోజులు. మీ విమానం ఎప్పుడు?" తొమ్మిది రోజుల్లో ఉంది. ఇప్పుడున్నది చెడ్డగా లేదు. తొమ్మిది మందికి వచ్చేసింది. మిగతావాళ్ళకు మెల్లగా వస్తుందనీ అనుకోవచ్చు. కానీ నా నోట్లో కొంచెం వంకర మిగిలితే, వాళ్ళ నోళ్ళలో అది జీవితాంతం మిగిలిపోతుంది. "గీయన్నా" అన్నాను.

చక్రం తిరిగింది. సామ్రాజ్యక్క చెంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆ చప్పుడు వెన్నులో వినపడింది. పగల్లేదు.

ఈసారి చంద్రయ్యను వదిలేసి, మేస్త్రి కొత్తది ఇచ్చాడు. "జానకమ్మ జల్లెడలో జొన్నలు జల్లించింది." అన్నాను. నాలుక కొస వెళ్ళి పళ్ళ వెనక హాయిగా ఆనింది, ఇంటికొచ్చినట్టు. తెరలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అన్నారు. మేస్త్రి ఒక్కొక్క గణుపే లెక్కపెట్టాడు. పద్నాలుగోది అయ్యాక కళ్ళు తెరిచి, "మొత్తం వచ్చినయ్యి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. గర్వంతోనే వచ్చింది. ప్రపంచంలో ఇంకెక్కడ, ఎన్ని లక్షలు పోసినా, గోడకేసి కూర్చుని నా చాప కోసం, నా జల్లెడ కోసం చెవులు రిక్కించే మేస్త్రి దొరుకుతాడు?

తెర మీద పిల్లల్లో, వెనక వరుసలోంచి ఒక గొంతు లేచింది. "టీచర్, జల్లెడ అంటే ఏంటి?"

ఆ పిల్లాడు జల్లెడ అనే మాట స్పష్టంగా, మామ్మలు పలికినట్టే పలికి, అర్థం అడిగాడు. నేను చెప్పేలోపే సామ్రాజ్యక్క వీధి దాటి ఎదురింట్లోకి పరుగెత్తింది. అడిగిందో లేదో, వాళ్ళ జల్లెడ పట్టుకొచ్చి ఫోను ముందు ఆడించింది. పిండి రాలి డాక్టరమ్మ కోటు మీద పడింది. లిమరిక్ హాలంతా ఒక్కసారిగా జల్లెడ, జల్లెడ అని అరిచింది.

డాక్టరమ్మ గ్లౌజులు వేసుకుని, పళ్ళు తీయడానికి నా ముందుకు వంగారు. బయట ఇద్దరు రోగులు ఎదురుచూస్తున్నారు.

"ఇంకో పావుగంట ఆగండమ్మా" అన్నాను. "క్లాసు జరుగుతా ఉంది."